కబురు రాకపోతే సున్నా అని రాయకండి
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏడేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాడు ఇంకేం మాట్లాడతాడులే అనుకొని ఉంటారు. అయితే ఈసారి మీ దరఖాస్తులు చూస్తే డిప్లొమా, ఇంజనీరింగ్, కంప్యూటర్ అని రాసినవారు చాలామంది కనిపించారు. అందుకని మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలనుకున్నాను. అందులో పొదుపు కూడా ఉంది.

ముందే ఒక మాట. నేను బీకాం చదివినవాణ్ణి. మా రోజుల్లో షోలాపూర్ కాలేజీలు కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. అక్కడ నాకు జమాఖర్చులు నేర్పారు గాని ఎలక్ట్రానిక్స్ నేర్పలేదు. ఇప్పుడు చెప్పబోయేది మా మనవడి దగ్గరా, దెబ్బ తిన్నాకా నేర్చుకున్నది. ఎక్కడైనా తప్పు చెబితే తెలిసినవారు సరిదిద్దండి.

మన నీళ్ళ సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. భీమా నది మీద ఉజని డ్యాం ఎంత పెద్దదైనా, భద్రావతి పేటలో గాని, దత్త నగర్‌లో గాని ఏళ్ళ తరబడి నల్లా రోజూ వచ్చింది లేదు. మూడు రోజులకో, నాలుగు రోజులకో, ఎండాకాలంలో అయితే ఐదు రోజులకో వచ్చేది. అదీ ఏ అర్ధరాత్రో. వచ్చిన నీళ్ళు కింద హౌదులో పట్టి, మోటరు పెట్టి మిద్దె మీది టాంకీకి ఎక్కించాలి. ఇంట్లో ఒకరు నిద్ర మానుకోవాలి. ఎక్కువగా ఆ ఒకరు మన ఇంటి ఆడవాళ్ళే.

మా పెద్దమ్మాయి కొడుకు పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. వాళ్ళ అమ్మమ్మ పడే అవస్థ చూసి, 2023 వేసవిలో ఒక చిన్న యంత్రం తయారుచేశాడు. టాంకీ మూత కింద ఒక సెన్సర్. అది గబ్బిలంలా మన చెవికి వినపడని శబ్దం పంపి, నీటికి తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కకట్టి, నీరెంత ఉందో తెలుసుకుంటుంది. పక్కనే బ్యాటరీతో నడిచే చిన్న బోర్డు. అది నిమిషానికోసారి వైర్లు లేకుండా రేడియో ద్వారా కిందనున్న పెట్టెకు కబురు పంపుతుంది. టాంకీ ముప్పై శాతానికి దిగితే ఆ పెట్టె మోటరు వేస్తుంది, తొంభై శాతానికి చేరితే ఆపుతుంది. రెండు వారాలు చక్కగా నడిచింది. మా ఇంటావిడ రాత్రిళ్ళు నిద్రపోయింది. నేను గల్లీ అంతా చెప్పుకొని తిరిగాను.

ఒక రాత్రి ఒంటిగంటన్నరకు నల్లా వచ్చింది. హౌదు నిండింది. టాంకీలో ఇరవై ఎనిమిది శాతం అని కబురు వచ్చింది, మోటరు మొదలైంది. ఆ తరువాత కబురు రాలేదు. పెట్టె దగ్గర ఉన్న అంకె ఆఖరుగా వచ్చిన ఇరవై ఎనిమిదే. ముప్పై కంటే తక్కువ కదా, మోటరు నడుస్తూనే ఉంది. టాంకీ పొంగి, నీళ్ళు మిద్దె మీదుగా పక్కింటి రేకుల మీద పడి, రేకుల సందుల్లోంచి లోపలికి కారాయి. హౌదు ఖాళీ అయ్యాక కూడా మోటరు ఉత్తగా తిరిగి తిరిగి, కాయిల్ కాలి ఆగింది. మేము కూలర్ పెట్టుకొని పడుకున్నాం. ఆ చప్పుడులో మాకు ఏమీ వినపడలేదు.

పక్కింట్లో ఉండేది భర్త పోయిన ఒక చెల్లెలు. ఇద్దరు పిల్లలు, బీడీలు చుట్టి బతుకుతుంది. పొద్దున బ్రాంచిలో ఇవ్వాల్సిన బీడీల కట్టలు, మిగిలిన ఆకు, తమ్మాకు అన్నీ తడిసిపోయాయి. ఆకు, తమ్మాకు కంపెనీ సరుకు. పాడైతే ఆమె కూలిలోంచే కోత. మాకు పోయింది నాలుగు రోజుల నీళ్ళూ, ఒక మోటరు కాయిలూ. ఆమెకు పోయింది వారం తిండి. నేను వెళ్ళి తల వంచుకొని నష్టం ఎంతైతే అంత ఇచ్చాను. ఆమె అన్న మాట ఇప్పటికీ మరచిపోలేదు: "పైసలది కాదన్నా. నడిరాత్రి మూడుసార్లు తలుపు కొట్టిన. మీ మోటరు బంద్ చేసే బటన్ యాడుందో నాకెరుకలేదు. ఎరుకుంటే నేనే బంద్ చేస్తుంటి."

ఇంటికి వచ్చి మనవణ్ణి నలుగురిలో నానా మాటలన్నాను. వాడు మాట్లాడలేదు. యంత్రం విప్పి ఒక పూటంతా పరీక్ష చేసి, సాయంత్రం నా దగ్గరకు వచ్చి, "తాతా, కింది పెట్టె ఎవరు జరిపారు?" అని అడిగాడు.

జరిపింది నేనే. పక్క కార్ఖానాలోంచి దూది నూగు వచ్చి పడుతోందని, పిల్లలు ముట్టుకుంటున్నారని, రెండు రోజుల ముందు ఆ పెట్టెను ఇనప బీరువా వెనక గోడకు బిగించాను. రేడియో తరంగం ఇనుములోంచి దాటదు. పక్కల నుంచి, గోడలకు తగిలి కొంత వస్తుంది. అందువల్ల కొన్ని కబుర్లు అందాయి, కొన్ని అందలేదు. మొత్తానికే ఆగిపోయి ఉంటే ఆ రోజే పట్టుకొనేవాళ్ళం. సగం పనిచేసే వస్తువుతోనే ప్రమాదం. అది రెండు రోజులు నమ్మకం కలిగించి మూడో రోజు ముంచుతుంది.

వాడి తప్పూ ఉంది. కబురు రాకపోతే ఏం చేయాలో వాడు యంత్రానికి చెప్పలేదు. చెప్పకపోతే యంత్రం పాత అంకెనే పట్టుకొని కూర్చుంటుంది. నా తప్పు ఇనుము అడ్డం పెట్టడం, వాడి తప్పు మౌనానికి అర్థం రాసిపెట్టకపోవడం. ఇద్దరం లెక్క సరిచూసుకున్నాం. నలుగురిలో తిట్టినందుకు నలుగురిలోనే క్షమాపణ చెప్పాను.

అప్పుడే నాకు నా ఉద్యోగం మొదటి రోజులు గుర్తొచ్చాయి. నేను 1982లో చేరాను. బ్రాంచి నుంచి హెడ్డాఫీసుకు నిర్ణీత తేదీలకు రకరకాల స్టేట్‌మెంట్లు పంపాలి. ఫలానా రకం లావాదేవీలు ఆ నెల ఒక్కటి కూడా జరగకపోయినా, కాగితం మీద 'నిల్' అని రాసి, సంతకం పెట్టి పంపాల్సిందే. ఏమీ లేనిదానికి తపాలా బిళ్ళ ఖర్చెందుకని నేను నవ్వాను. మా మేనేజరు గారు చెప్పారు: "నిల్ అని వస్తే బ్రాంచి చూసుకుంది, ఏమీ లేదని తెలుస్తుంది. ఏమీ రాకపోతే ఏం తెలుస్తుంది? టపా తప్పిపోయిందా, గుమాస్తా మరచిపోయాడా, ఏదైనా దాచాడా? ఏమీ రాకపోవడం వేరు, సున్నా వేరు."

పిల్లలూ, వైర్లు లేని సెన్సర్ల విషయంలో మొదటి పాఠం ఇదే. దాన్ని ఇంజనీర్లు 'హార్ట్‌బీట్' అంటారట, గుండె చప్పుడు. మార్పు ఉన్నా లేకపోయినా, నిర్ణీత సమయానికి 'నేనున్నాను' అని సెన్సర్ కబురు పంపాలి. అందుకొనేవాడు ప్రతి కబురు మీదా వచ్చిన వేళ వేయాలి. మూడు కబుర్లు వరుసగా తప్పితే పాత అంకెను కొట్టివేసి 'తెలియదు' అని రాయాలి. ఇరవై ఎనిమిదీ కాదు, సున్నా కాదు, 'తెలియదు'. ఆ మాట రాసుకోవడానికి యంత్రంలో ఒక చోటు ఉండాలి.

మరి తెలియనప్పుడు ఏం చేయాలి? దానికి జవాబు మన మగ్గాల దగ్గరే ఉంది. మర మగ్గంలో నాడె ఆడే చోట పక్కన ముళ్ళ లాంటి చిన్న ఫోర్కు ఉంటుంది. పేక దారం పడినప్పుడల్లా ఆ దారమే ఫోర్కును నెట్టి పక్కకు తప్పిస్తుంది. కండె అయిపోయినా, దారం తెగినా, నెట్టే దారం లేక ఫోర్కు కొక్కేనికి తగులుకొని మగ్గాన్ని ఆపేస్తుంది. గమనించండి, దారం తెగిందని ఎవరూ వచ్చి చెప్పనవసరం లేదు. దారం ఉంటేనే మగ్గం ఆడుతుంది, లేకపోతే ఆగుతుంది. మీలో చాలామంది తండ్రులు దినమంతా ఆ ఫోర్కు ముందే నిలబడి పనిచేశారు. మా మనవడు తన యంత్రాన్ని దానికి వ్యతిరేకంగా కట్టాడు: ఆపమని కబురు వస్తేనే ఆగుతుంది. ఇప్పుడు మార్చాడు. కబుర్లు వస్తున్నంతసేపే మోటరు నడుస్తుంది. మూడు నిమిషాలు కబురు లేకపోతే ఆగి, గంట మోగిస్తుంది.

రెండో పాఠం. ఒక్క అంకెను చూసి ఖాతాలో రాయకూడదు. శబ్దం వేగం గాలి వేడిని బట్టి మారుతుంది. ఇరవై డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, నలభై డిగ్రీల దగ్గర సుమారు 355. మన మే నెల ఎండలో ఈ తేడా లెక్కలోకి తీసుకోకపోతే, మీటరు దూరంలో ఉన్న నీరు మూడు సెంటీమీటర్లకు పైగా దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇది చిన్న తేడా. పెద్ద తేడా మూత కింద ఆవిరి పట్టి సెన్సర్ ముఖం మీద చుక్క నిలిచినప్పుడు, నీళ్ళు పడుతూ అలలు లేచినప్పుడు వస్తుంది. యాభై, యాభై ఒకటి, తొంభై ఆరు, యాభై అని వస్తే తొంభై ఆరు నిజం కాదని మనకు తెలుసు, యంత్రానికి తెలియదు. అందుకని ఐదు అంకెలు తీసుకొని చిన్న నుంచి పెద్దకు పేర్చి, నడిమి అంకెను తీసుకోమన్నాను. సగటు తీసుకుంటే ఒక దొంగ అంకె మిగతావాటిని తన వైపు లాగుతుంది. నడిమి అంకెను లాగలేదు. ఇది మీ కామర్స్ పుస్తకంలో ఉన్న మీడియనే. మోటరు వేసే గీత ముప్పై దగ్గర, ఆపే గీత తొంభై దగ్గర, రెండూ దూరంగా ఉండటం కూడా అందుకే. రెండూ ఒకేచోట ఉంటే మోటరు మాటిమాటికీ వేస్తూ ఆపుతూ కాలిపోతుంది.

మూడో పాఠం. బ్యాంకులో ఒకరు రాసిన ఓచరును రెండోవారు చూసి సంతకం పెడతారు. ఆ రెండోవారు మొదటివారి మాట విని సంతకం పెడితే రెండు సంతకాలున్నా ఒకటే లెక్క. టాంకీ అంచున తేలే బుర్ర, అంటే ఫ్లోట్ స్విచ్, ఒకటి పెట్టాం. దానికి రేడియో లేదు, బ్యాటరీ లేదు, ప్రోగ్రామ్ లేదు. వైరు నేరుగా మోటరు స్టార్టరు దాకా వచ్చింది. నీరు అంచుకు వస్తే బుర్ర లేచి మోటరును ఆపుతుంది, మనవడి పెట్టె ఏమన్నా సరే. హౌదులో కూడా అలాంటిదే ఇంకొకటి, అడుగున నీరు లేకుండా మోటరు తిరగకుండా. దానితోపాటు కాలపరిమితి. మా టాంకీ నిండటానికి నలభై నిమిషాలు చాలు. యాభై నిమిషాలు దాటితే ఎవరు ఏం చెప్పినా మోటరు ఆగాలి.

ఒక్క సెన్సర్ మాట నమ్మితే ఏమవుతుందో లోకమంతా చూసింది. బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల్లో ముక్కును కిందికి దించే ఒక ఏర్పాటు ఒకే సెన్సర్ చెప్పిన మాట మీద నడిచేది. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో ఆ సెన్సర్ తప్పు చెప్పింది. రెండు విమానాల్లో కలిపి 346 మంది చనిపోయారు. విమానంలో రెండో సెన్సర్ ఉంది, కాని దాన్ని అడగలేదు. మన టాంకీ దానిముందు ఎంత? కానీ తప్పు ఒకే జాతిది.

నాలుగో పాఠం. డ్రాఫ్టు రాసి ఇచ్చినంత మాత్రాన సొమ్ము చెల్లినట్టు కాదు. అవతలి బ్రాంచి నుంచి చెల్లించామని ఎంట్రీ వచ్చి జతపడేదాకా అది బాకీగానే ఉండేది. అలాగే 'మోటరు ఆపు' అని పెట్టె చెప్పినంత మాత్రాన ఆగినట్టు కాదు. కరెంటు నిజంగా ఆగిందో లేదో చూసి తిరిగి చెప్పే ఏర్పాటు ఉండాలి. ఆదేశం వేరు, ఆదేశం అమలైందన్న రసీదు వేరు.

ఐదో పాఠం సాదా సంసారుల పాఠం. మీ వైఫై, బ్లూటూత్, చాలా సెన్సర్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే మాట్లాడతాయి. దాని తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. నీళ్ళ టాంకీ, స్లాబులోని ఇనప కడ్డీలు, రేకుల కప్పు, ఇనప బీరువా అన్నీ దానికి అడ్డమే. టాంకీ ఖాళీగా ఉన్నప్పుడు బాగా అందిన కబురు, టాంకీ నిండాక అందకపోవచ్చు. అందుకని పరీక్ష చేసేటప్పుడు టాంకీ నింపి చేయండి. బ్యాటరీకి ఒక రిజిస్టరు పెట్టండి. ఎప్పుడు వేశాం, ఎప్పుడు మార్చాలి. అది దిగిపోతున్నదని సెన్సర్ తన కబురులోనే చెప్పేలా చేయొచ్చు. బ్యాంకులో చెప్పాపెట్టకుండా ఇన్‌స్పెక్షన్ జరిగినట్టు, నెలకోసారి ఎవరికీ చెప్పకుండా బ్యాటరీ తీసేసి చూడండి. గంట మోగిందా? మోగకపోతే మీ యంత్రం బాగుందన్నది ఉత్త నమ్మకమే.

ఇక్కడ ఒక హెచ్చరిక. కబురు రాకపోతే ఆపడం అన్నిటికీ పనికొచ్చే మందు కాదు. మోటరు విషయంలో మౌనం వస్తే ఆగడం క్షేమం. పొగను పసిగట్టే సెన్సర్ విషయంలో మౌనం వస్తే అరవడమే క్షేమం. 2025 మే 18 తెల్లవారుజామున అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో టవళ్ళ కార్ఖానాలో నిప్పంటుకొని ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు ఈ ఊళ్ళో అన్నం సరిగా తిన్నవారు లేరు. మనలో కింద కార్ఖానా, పైన కాపురం ఉన్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. పక్కనే నూలు, దూది. అలాంటి ఇంట్లో పొగ సెన్సర్ పెట్టి, బ్యాటరీ చచ్చిన సంగతి తెలియకపోతే, అది లేనిదానికంటే హాని. లేదని తెలిస్తే మనిషి జాగ్రత్తగా ఉంటాడు, ఉందనుకుంటే నిద్రపోతాడు. అందుకని ప్రతి సెన్సర్ దగ్గరా కూర్చొని 'ఇది మాట్లాడకపోతే ఏది క్షేమం' అని ముందుగా ఒక కాగితం మీద రాయండి. ఆ నిర్ణయం యంత్రం చేయదు, మీరు చేయాలి. ప్రాణాలకు సంబంధించినచోట వైరు వేయగలిగితే వైరే వేయండి, రేడియో సోకుకు పోకండి.

ఆఖరి మార్పు మా పక్కింటి చెల్లెలు చెప్పినది. మోటరు ఆపే స్విచ్చి ఒకటి మా ఇంటి బయటి గోడకు, ఆమెకు అందే ఎత్తులో పెట్టించాం. ఎర్ర రంగు వేసి, ఎలా నొక్కాలో ఆమెకూ, ఆమె పిల్లలకూ చూపించాం. ఆ రాత్రి ఇంటి చుట్టుపక్కల సరిగా పనిచేసిన సెన్సర్ ఆమె ఒక్కతే. మూడుసార్లు కబురు పంపింది. అందుకొనే దారి మేం పెట్టలేదు. ఎంత తెలివైన యంత్రమైనా, చదువు రాని మనిషి చేత్తో ఆపగలిగేలా ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఇంట్లో ఏదైనా తయారుచేసి చెడగొడితే నాలాగా నలుగురిలో తిట్టకండి. తిడితే మరుసటిసారి తప్పు దాస్తారు. ఆ రోజు వాడు నా దగ్గరకు వచ్చి పెట్టె ఎవరు జరిపారని అడగకపోయి ఉంటే, ఈ రోజుకీ తప్పంతా వాడిదే అనుకొనేవాణ్ణి.

విద్యార్థులకు ఒక మాట. ట్రస్టు మిమ్మల్ని ప్రతి సెమిస్టరుకూ మార్కుల కాగితం పంపమంటుంది. బాగా వచ్చినవారు వెంటనే పంపుతారు. సబ్జెక్టు పోయినవారు పంపరు, ఫోనెత్తరు. కమిటీలో కూర్చున్నవారికి ఏం తెలుస్తుంది? చదువు మానేశాడనుకొని ఆ సాయం ఇంకొకరికి ఇస్తారు. అలా ఆగిపోయినవారిని నేను చూశాను. పోయింది ఒక్క సబ్జెక్టే, ఆగింది మొత్తం చదువు. పూణెలో, హైదరాబాదులో హాస్టల్లో ఉన్న మీ మౌనాన్ని ఇంట్లో అమ్మానాన్నలు 'బాగానే ఉన్నాడు' అని రాసుకుంటారు. మార్కులు తక్కువైనా పంపండి. చెప్పడానికి ఏమీ లేకపోయినా 'ఏమీ లేదు, బాగున్నాను' అని రెండు మాటలు చెప్పండి. పెద్దలారా, మీరు కూడా కబురు రాకపోతే సున్నా అని గాని, బాగుందని గాని రాసుకోకండి. లేచి వెళ్ళి కనుక్కోండి.

మా మోటరు ఇప్పుడు చక్కగా నడుస్తోంది. మా ఇంటావిడ మాత్రం నల్లా వచ్చిన రాత్రి ఒకసారి లేచి చూసి పడుకుంటుంది. మనవడు నొచ్చుకుంటాడు. అదీ ఒక తనిఖీయేనని నేను వాడికి చెప్పాను.